ఫారంలో సున్నా

మా గుంటలో రొయ్యలు చావలేదు. నా కష్టమంతా అక్కడే వచ్చింది.

మాది మనుబోలు. తూర్పున ఉప్పుటేటి వైపు రెండు గుంటలు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేస్తాను. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మా వైపు టైగర్ రొయ్య మాటే తగ్గిపోయింది. ఆ టైగర్‌ని ముంచింది 1994లో వచ్చిన తెల్లమచ్చ రోగం. అప్పట్లో తెల్లారేసరికి గట్ల వెంబడి రొయ్యలు తేలేవని, కాకులూ కొంగలూ దిగిపోయేవని మా నాయన చెప్పేవాడు. మా అందరి బుర్రల్లో రొయ్యకి రోగమంటే అదే. చావు కళ్లకి కనపడాలి.

నా గుంట మీద ఒక్క కాకి వాలలేదు. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేసిన మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత చెక్ ట్రేలో మేత మిగలడం మొదలైంది. విసురు వల వేస్తే చిన్నవీ పెద్దవీ కలిసి పడేవి. నాలుగో నెలకి 40 కౌంటుకి రావాల్సిన సరుకు 120 దగ్గర నిలబడిపోయింది. కిలోకి 40 రొయ్యలు తూగాల్సిన చోట 120 తూగాయన్నమాట. ఈరోజు పట్టేస్తే నిండా నష్టం. పెరుగుతాయేమోనని ఉంచితే మేత ఖర్చు, రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లకి డీజిల్ ఖర్చు. ఇంట్లో ఆమె గొలుసు బ్యాంకుకి పోయింది. మేత అప్పు ఇచ్చినాయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. తిట్టినా బాగుండేది.

అడగడానికి మాత్రం చాలామంది వచ్చారు. మందుల షాపు కుర్రాడు "ఏ ప్రోబయోటిక్ వాడతన్నావన్నా?" అనేవాడు. నేను ఏది చెప్పినా అది కాదంటూ ఇంకో డబ్బా ఇచ్చేవాడు. మేత కంపెనీ మనిషి "మేత టైముకి పడతందా?" అనేవాడు. అడిగినవాడి చేతిలో అమ్మేది ఉంటే ప్రశ్న కూడా అటే పోతుంది.

నష్టం రాసుకోవడానికి ఒకాయన ఫారం తెచ్చాడు. ఎన్ని ఎకరాలు, ఎంత సీడ్, ఏ తేదీన ఎంత శాతం చనిపోయాయి.

"చావలేదు సార్, పెరగలేదు."

"పెరగలేదని రాయడానికి ఇందులో గడి లేదయ్యా. చావులు సున్నా అని రాయనా?"

ఆయన చెడ్డవాడేం కాదు, ఎండలో పడి వచ్చాడు. సున్నా రాశాడు, నేను సంతకం పెట్టాను. పంట మొత్తం పోయిన మనిషి సున్నా పక్కన సంతకం పెట్టడం ఎట్లుంటుందో నాకు చెప్పడం రాదు. ఆ రాత్రి ఇంటికి పోబుద్ధి కాక గుంట దగ్గరే పడుకున్నాను.

కొన్నాళ్లకి ఫిషరీస్ కాలేజీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి వచ్చింది. పుస్తకం తెరవకుండా మేత బస్తాల మీద కూర్చుంది. "అన్నా, ఇంతకు ముందు పంటల్లో ఎప్పుడూ చూడనిది ఈసారి ఏమన్నా చూశారా?" అంది. నాకేం తోచలేదు. రాత్రుళ్లు గుంట దగ్గర ఎవరుంటారని అడిగి, కాపలా మనిషిని పిలిపించింది. వాడు టక్కున చెప్పాడు: "గాలి కొట్టే మూలలో తెల్ల దారాల్లాంటివి తేల్తన్నాయమ్మా. నేనే పొద్దున్నే వలతో తీసి పారేస్తన్నా." నాకెందుకు చెప్పలేదురా అంటే, "ఎవురూ అడగలా" అన్నాడు.

తర్వాత ఆ అమ్మాయి "మీ గుంటల్లో బాగున్నదేది?" అంది. నాకు ఒళ్లు మండింది. మునిగిపోతుంటే బాగున్నదాని సంగతెందుకు? కానీ ఒకటి ఉంది. ఎండాకాలం పూర్తిగా ఎండబెట్టి దున్నించిన గుంటలో సైజు తేడా తక్కువే. చివర్లో ఎప్పుడు, ఎవరు ముందు చూశారు, ఆ వారం వాన పడిందా, నీళ్లు ఎక్కడి నుంచి తోడారు అన్నీ అడిగింది. "ఎందుకు పోయింది" అని మాత్రం అడగలేదు. అట్లా అడిగితే ఎవరికి తెలిసిన కారణం వాళ్లు చెప్తారంట.

ఉదాహరణకి, ఆసియా దేశాల్లో 2009 నుంచి సీడ్ వేసిన నెలలోపే రొయ్యలు చచ్చిపోతుంటే, కారణం తెలియక ముందస్తు మరణాల జబ్బు అని కనపడినదాన్నే పేరుగా పెట్టుకున్నారని చెప్పింది. వైరస్సా, పురుగుమందా అని వెతుక్కుంటూ పోగా, 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం అది విషం తయారుచేసే బ్యాక్టీరియా అని తేల్చిందంట.

నా రొయ్యలకి పీసీఆర్ పరీక్ష చేయిస్తే ఈహెచ్‌పీ అని వచ్చింది. రొయ్య కాలేయంలో చేరే సూక్ష్మజీవి అది. సాధారణంగా నేరుగా చంపదు, ఎదగనివ్వదు. కాపలా మనిషి చూసిన తెల్ల దారాలు రొయ్యల రెట్ట. తెల్ల రెట్టకి వేరే కారణాలూ ఉంటాయి గానీ దీనితో కలిసి కనపడడం మామూలే. దాని బీజాలు గుంట అడుగు మట్టిలో ఉండిపోతాయి. నేను కొన్న డబ్బాల్లో దేనికీ అది లొంగేది కాదు. అడుగు దున్ని, హెక్టారుకి 6 టన్నుల లెక్కన కాల్చిన సున్నం కలిపి తడపాలి. ఎకరానికి రెండున్నర టన్నులు అనుకోండి. దానికీ అప్పే చేశాను.

తర్వాతి పంటకి రెండు గుంటలకీ సున్నం పట్టించాను. ఒకే హ్యాచరీ సీడ్, పరీక్ష చేయించే తెచ్చాను. నీళ్ల కాలువ కూడా ఒకటే. ఒక దాంట్లో 45 కౌంటు వచ్చింది, రెండో దాంట్లో మళ్లీ సైజు తేడా. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పబోతే, ముందు కాపలా అతనికి ఇవ్వమంది.