శ్రీశైల ప్రాకారం, అతుకుల బొంత

పైన ఒక గుడ్డ, మధ్యలో దూది లేదా మెత్తని పాతగుడ్డల పొర, అడుగున అస్తరు పరచి, మూడింటినీ కుట్టుతో ఒకటిగా బంధించి చేసే పనిని క్విల్టింగ్ అంటారు. అలా కుట్టినదానిని కప్పుకోవడానికి వాడక, చిత్రపటంలా గోడకు వేలాడదీసి చూడడానికే తయారుచేస్తే అది ఆర్ట్ క్విల్టు అవుతుంది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 1971లో ఇళ్లల్లో కుట్టిన పాత క్విల్టులను ఆధునిక చిత్రాలతో సమానంగా గోడలకెక్కించింది. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో, పాలకేంద్రానికి చెందిన ఒక పాత పశువుల కొట్టంలో క్విల్ట్ నేషనల్ ప్రదర్శన మొదలయింది. ఈ రెండింటితో ఆ పనికి కళాలోకంలో స్థానం స్థిరపడింది. తెలుగు నేలమీద ఇదే పనికి బొంత అనే రూపం తరతరాలుగా ఉన్నప్పటికీ దానిని కళగా గుర్తించినవారు తక్కువ. ఇప్పుడిప్పుడే క్విల్టింగ్ నేర్చుకుంటున్న పట్టణవాసులు సైతం నమూనాల కోసం విదేశీ పుస్తకాలనే తిరగేస్తున్నారు. అతుకును, పొరను, కుట్టును గురించి ఆలోచించదలచిన వారికి నల్లమల కొండల మీది శ్రీశైలం చాలా గొప్ప పాఠశాల కాగలదు.

కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా అడవి దారిన కొండెక్కి వచ్చే యాత్రికులు సాధారణంగా నేరుగా దర్శనపు వరుసలో చేరిపోతారు. శిల్పం కోసం వచ్చినవారు మాత్రం ముందుగా ఆలయం వెలుపలికి వెళ్లి ప్రాకారం చుట్టూ ప్రదక్షిణ చేయవలసి ఉంటుంది, ఎందుకంటే శిల్పాలన్నీ గోడకు బయటివైపునే ఉన్నాయి. ఈ ప్రాకారం సుమారు 600 అడుగుల పొడవు, 500 అడుగుల వెడల్పు గల ఆవరణను చుట్టి ఉంటుంది. ఆలయ ముఖమండపాన్ని 1404-05లో రెండవ హరిహరరాయలు కట్టించగా, శిల్పాలతో నిండిన ఈ గోడ కూడా విజయనగర కాలానిదే. చెక్కిన రాళ్లను వరుసమీద వరుసగా పేర్చి, ప్రతి వరుసలోనూ లోతు తక్కువ శిల్పాలను, అంటే రాతి ముఖం నుంచి కొద్దిగా మాత్రమే పైకి ఉబికే బొమ్మలను మలచారు. ఏనుగుల బారులు, గుర్రాలు, వేటకుక్కలు, పులులతో పోరాడే వీరులు, నర్తకులు, ఋషులు, వారి నడుమ కిరాతార్జునుల పోరు వంటి శివకథలు కనిపిస్తాయి.

క్విల్టు కుట్టేవారికి ఈ గోడ ఎదుట మొట్టమొదట తట్టే విషయం దాని కూర్పు. ఒక్కో రాయి ఒక్కో చదరంలా దేనికది పూర్తయిన బొమ్మగా ఉంటుంది, అయినా దూరం నుంచి చూసినప్పుడు గోడంతా ఒకే నడకగా సాగుతుంది. ఇది క్విల్టింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన సమస్య. విడివిడిగా అందంగా కనబడిన చదరాలను కలిపి కుట్టగానే ఒకదానినొకటి చంపుకోవడం ఈ పని చేసిన ప్రతివారికీ అనుభవమే. ప్రాకార శిల్పులు దీనికి చూపిన పరిష్కారం సరళమైనది: ఏనుగులు, గుర్రాల వంటి తిరిగి తిరిగి వచ్చే రూపాలు కంటికి తాళం వేస్తూ పోతే, కథా శిల్పాలు ఆ తాళం మీద పాటలా అక్కడక్కడా నిలుస్తాయి. కథ పెద్దదైన చోట రాయి అంచు దగ్గర ఆగిపోక పక్క రాతి మీదికి సాగుతుంది. గుడ్డలో ఈ పద్ధతిని పరీక్షించదలచినవారు బొమ్మలను నకలు తీయనక్కరలేదు. వరుసల ఎత్తును, ఖాళీలను, ఏ రూపం ఎన్ని రాళ్లకొకసారి వస్తుందన్న లెక్కను మాత్రం కాగితం మీద గీసుకుని, ఆ లెక్కకు రంగు గుడ్డముక్కలను అమర్చి చూస్తే చాలు. ఏనుగు లేకుండా కేవలం నల్ల, ఊదా ముక్కలతోనే ఏనుగుల బారు నడక తీసుకురావచ్చు. కాగితాన్ని శిల్పం మీద పరచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసే అలవాటు కొందరికి ఉన్నది గాని, ఇంతటి పాత రాతి మీద ఆ పని ఎంతమాత్రం తగదు. చేతిని దూరంగా ఉంచి కంటితో నేర్చుకోవలసిన గోడ ఇది.

రెండవ పాఠం వెలుగుది. ఎండ గోడను రాసుకుంటూ ఏటవాలుగా పడినప్పుడు బొమ్మల నీడలు గీతల్లా తేలతాయి. ఎండ గోడకు ఎదురుగా నేరుగా పడినప్పుడు అదే బొమ్మ చదునుగా అణిగిపోతుంది. లోతు తక్కువ శిల్పానికి గుడ్డలో సమానమైన పద్ధతి ట్రపుంటో. ఇందులో రెండు గుడ్డలను కలిపి బొమ్మ అంచు వెంబడి కుట్టి, వెనుక గుడ్డను చిన్నగా కోసి ఆ సందులోంచి దూది కూరి, కోతను మళ్లీ కుట్టేస్తారు, దానితో బొమ్మ మాత్రమే ముందుకు ఉబుకుతుంది. రంగురంగుల గుడ్డ మీద ఈ ఉబ్బు కనబడదు గనుక, ఒకే రంగు నూలుగుడ్డ మీద, అందునా రాతిరంగుకు దగ్గరి ముడిగుడ్డ మీద చేసి, కిటికీ పక్కన వేలాడదీసి పూట పూటకూ చూడడం మేలు. దూది ఎక్కువైతే బొమ్మ దిండులా తేలిపోతుంది. శిల్పి రాతిలో పాటించిన పొదుపు ఇక్కడా అవసరం.

గోడ మీద కనబడే సిద్ధుల బొమ్మలకు అతుకులగుడ్డతో మరింత దగ్గరి సంబంధం ఉంది. శ్రీశైలం మధ్యయుగంలో సిద్ధులకు, నాథయోగులకు ప్రసిద్ధ స్థానం. పారేసిన గుడ్డపీలికలను అతికి కుట్టుకున్న కంథ అనే వస్త్రం ఆ యోగుల వేషంలో భాగం. అంతకు చాలాకాలం ముందే బౌద్ధ భిక్షువుల చీవరాన్ని మగధ దేశపు వరిమడుల గట్ల ఆకృతిలో ముక్కలుగా కోసి కుట్టాలని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్లు వినయ గ్రంథాలు చెబుతాయి. శ్రీశైలానికి దిగువన ఇదే కృష్ణానది ఒడ్డునున్న నాగార్జునకొండ విహారాల్లో అటువంటి చీవరాలు ధరించిన భిక్షువులు నివసించారు. అంటే అతుకులగుడ్డ ఈ లోయలో పేదరికానికి ఆనవాలుగా ఉంటూనే, కోరి ఎంచుకున్న వైరాగ్యానికి గౌరవచిహ్నంగా కూడా వందల ఏళ్లు నిలిచిందన్నమాట. బొంతను చిన్నచూపు చూసేవారు ఈ సంగతిని తప్పక తెలుసుకోవాలి.

గుడ్డకు ఈ క్షేత్రంలో ఉన్న స్థానం మహాశివరాత్రినాడు కంటికి కనబడుతుంది. చీరాల ప్రాంతపు ఒక చేనేత కుటుంబం రోజుకొక మూర చొప్పున ఏడాది పొడవునా నేసిన పాగాను ఆ రాత్రి లింగోద్భవ వేళ, దీపాలన్నీ ఆర్పిన చీకటిలో, నేతకారుడు దిగంబరుడై విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల వరకు చుట్టి అలంకరిస్తాడు. పెళ్లికొడుకైన మల్లన్నకు, అంటే ఇక్కడి శివుడికి, అది తలపాగా, ఆ తరువాతనే కల్యాణం జరుగుతుంది. రోజుకు ఇంత అని కొలత పెట్టుకుని ఏడాదిపాటు ఒకే పనిని సాగించడం నేటి క్విల్టు కళాకారులు సైతం ఇష్టపడి చేసే ప్రయోగం. రోజుకొక చిన్న ముక్క కుట్టి ఏడాది చివర అన్నిటినీ వరుసగా కలిపితే ఆ పొడవులో చేతి అలసట, ఉత్సాహం, పండుగలు, జ్వరాలు అన్నీ కుట్టు బిగువులోనే తెలిసిపోతాయి.

రంగుల విషయంలో రాయలసీమ నేల స్వయంగా ఒక పట్టిక వంటిది. నంద్యాల, కర్నూలు వైపు నల్లరేగడి, మరికొన్ని చోట్ల ఎర్రనేల, బేతంచెర్ల నాపరాళ్ల బూడిదరంగు, కడప రాతి నలుపు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఈ నలుపు, బూడిద ఛాయలను గుడ్డ మీదికి తేవడానికి శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతి సరిపోతుంది. గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసిన కసిమి దానికి తగలగానే కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది, పాలలోని కొవ్వు ఆ రంగును చెదరకుండా పట్టి ఉంచుతుంది. పాలు తగ్గిస్తే అంచులు పాకి, రాతి మీద వానచారల వంటి మరకలు వస్తాయి. కలంకారీ చిత్రకారుడికి అది లోపమే గాని, రాతిగోడను గుడ్డలో చూపదలచినవారికి ఆ చారలే కావాలి. అడుగుగుడ్డగా దిట్టమైన నేతబట్ట కావలసినవారికి కర్నూలు జిల్లాలోనే ఎమ్మిగనూరు ఉంది, మాచాని సోమప్ప 1938లో అక్కడ నెలకొల్పిన చేనేత సహకార సంఘం దుప్పట్లకు పేరుపొందింది.

కుట్టు నేర్చుకోవడానికి మాత్రం సుగాలీ తండాలకు మించిన చోటు లేదు. రాయలసీమలో సుగాలీలనే లంబాడీల కుట్టుపనిలో అద్దాలు, గవ్వలు, పూసలు ముందుగా కన్ను లాగుతాయి, కాని అసలు బలం అడుగునున్న దగ్గరి దగ్గరి కుట్లలో ఉంది. సరిహద్దుకు అవతల బళ్లారి ప్రాంతపు సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది, దానిలో కిలన్, వేలే, మాకీ మొదలుగా పద్నాలుగు రకాల కుట్లను లెక్కిస్తారు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టే కవంది అనే బొంతలో కుట్టు అంచున మొదలై చుట్లు చుట్లుగా నడిమికి చేరుతుంది, ముక్కలు కూడా ఆ నడకలోనే ఒకదానిమీదొకటి చేరతాయి, ముందుగా గీసుకున్న పటమంటూ ఉండదు. తెలుగు ఇళ్లలో ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరలను నాలుగైదు పొరలు పరచి, టాకాలు వేసి, సాదా కుట్టుతో కుట్టే బొంతలోనూ ఇటువంటి స్వేచ్ఛ ఉన్నది. చదరాలను సెంటీమీటర్ల లెక్కన కోసి మిషను మీద కుట్టడానికే అలవాటుపడినవారు కనీసం ఒకసారి కొలతలేకుండా చేత్తో కుట్టి చూడాలి.

శ్రీశైలంలో ఒక క్విల్టుకు తగినంత బరువైన వస్తువు ఇంకొకటి ఉంది, అది జలాశయం. 1960లో మొదలై 1981లో పూర్తయిన ఆనకట్ట వెనుక కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అనేక గ్రామాలు మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. గుడికి ఆ అవకాశం దక్కింది గాని, ఇళ్లకు, కళ్లాలకు దక్కలేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే నల్లజాతి రైతుల ఊరికీ ఇటువంటి అనుభవం ఉంది. 1960ల్లో మిల్లర్స్ ఫెర్రీ ఆనకట్ట వల్ల ఆ ఊరి మంచి సాగునేల నీటిపాలయింది. అక్కడి స్త్రీల క్విల్టులు 2002 నుంచి పెద్ద మ్యూజియాలలో ప్రదర్శితమై ప్రపంచఖ్యాతి పొందాయి. వారిలో మిస్సూరి పెట్‌వే 1942లో చనిపోయిన భర్త పనిబట్టలను కోసి, వాటి మోకాళ్ల అరుగుదల, వెలసిన చారలు అలాగే ఉండనిచ్చి కుట్టిన క్విల్టు ప్రసిద్ధమైనది.

నీట మునిగిన ఊళ్లనుంచి వచ్చిన కుటుంబాల పాతచీరలతో, పంచెలతో, వారి అనుమతితో, వారి చేతులతోనే అటువంటి బొంత కుట్టించే ప్రయత్నం ఈ ప్రాంతంలో జరిగితే ఎంతో విలువైనదవుతుంది. దానికి సాంకేతికంగా ఒక దారి ఉంది. ఊరి పటం ప్రకారం వీధులకు, పొలాలకు ముక్కలు అమర్చి కుట్టిన తరువాత, నీటిమట్టం చేరిన మేరకు పైన పలుచని నూలుగుడ్డను ఒక పొరగా పరచి, అడుగు ముక్కలు మసకగా కనబడేటట్లు రెండింటినీ కలిపి దగ్గరగా సాదా కుట్టు వేయాలి. వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడే చోట్ల ఆ పలుచని పొరను కుట్ల నడుమ కత్తిరించి, అంచులు మడిచి కుడితే అడుగునున్న చీర రంగు తేలుతుంది. పై గుడ్డను కోసి లోపలి గుడ్డను చూపే ఈ పద్ధతిని రివర్స్ అప్లిక్ అంటారు. ఎక్కడ కోయాలో, ఎక్కడ కప్పి ఉంచాలో నిర్ణయించవలసింది ఆ ఊరివారే.