బంతాటకు బయలుదేరి

శాన్‌ఫ్రాన్సిస్కోలో బేస్‌బాల్ ఆట చూడడం కష్టం కాదు. ఆ ఆట జరిగే చోటికి వేళకు చేరడమే కష్టం. ఈ సంగతి మాకు 2025 వేసవిలో ఒక ఆదివారంనాడు పూర్తిగా బోధపడింది.

మా అబ్బాయి సన్నీవేల్‌లో కాపురం. అక్కడికి శాన్‌ఫ్రాన్సిస్కో ఇంచుమించు 40 మైళ్ళు. మనుమడికి ఎనిమిదేళ్ళు, జెయింట్స్ జట్టంటే వాడికి ప్రాణం. పుట్టినరోజుకు టిక్కెట్లు కొని పెట్టారు. రైలున్నదిగదా అని నేనంటే, "కారుండగా రైలెందుకు నాన్నా? గంటలో అక్కడుంటాం" అన్నాడు అబ్బాయి.

గంటలో అక్కడే ఉన్నాము. ఆటస్థలం కళ్ళెదుట కనబడుతూనే ఉన్నది. 280 నంబరు రహదారి ఊళ్ళోకి దిగి కింగ్ వీధిలో ఆగిపోతుంది; ఆట రోజున కార్లన్నీ కూడా అక్కడే ఆగిపోతాయి. ఈ ఓరకిల్ పార్కు 2000లో కట్టినది. సుమారు 41 వేల మంది పడతారు. ఒక పక్క సముద్రపు పాయ, తక్కిన పక్కలన్నీ ఊరు. అంతకుముందు, 1960 నుంచి 1999 దాకా, జెయింట్స్ ఆడిన కాండిల్‌స్టిక్ పార్కు ఊరి దక్షిణపు అంచున ఉండేది. అక్కడ ఈదురుగాలి ఎముకలు కొరికేదట; కాని కార్లు నిలపడానికి కావలసినంత మైదానం. ఇక్కడ ఆ భాగ్యం లేదు. మూడవ వీధి వంతెన దాటితే ఒకప్పుడు కార్ల కోసం పెద్ద స్థలం ఉండేదిగాని, ఇప్పుడందులో కొంతభాగం మేడలు లేచాయి. వీధి పక్కన నిలుపుదామంటే ఆట రోజుల్లో మీటరు రేటు వేరు, అదైనా దొరికితేగదా!

ఒకచోట "నిండినది" అన్న పలక. ఇంకొకచోట మనిషే చెయ్యి అడ్డంగా ఊపాడు. చివరికెక్కడో ఒక మేడలో, నాలుగో అంతస్తులో చోటు దొరికింది. మేము మెట్లు దిగుతూండగా ఆటస్థలం నుంచి ఒక్కసారిగా హోరు వినిపించింది. నలభైవేల గొంతులు! మావాళ్ళెవరో బంతిని గోడ దాటించారు కాబోలు. మనుమడు మెట్టుమీద నిలబడిపోయాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండును. మోకాళ్ళ నొప్పితో మా ఆవిడ కుంటుతూ వస్తున్నది. లోపలికి వెళ్ళేసరికి నాలుగో ఇన్నింగ్సు నడుస్తున్నది.

ఆ రాత్రే తీర్మానించుకున్నాను, ఈసారి పిల్లవాణ్ణి నేను తీసుకువెడతానని. మూడు వారాల తరువాత శుక్రవారం సాయంకాలపు ఆట. అబ్బాయికి ఆఫీసులో పని. "మీరిద్దరూ, ఈ పసివాడూ, అర్ధరాత్రి రైల్లోనా?" అని వాడు గాభరాపడ్డాడు. మా ఆవిడ మాట్లాడకుండా పులిహోర డబ్బాలో సర్దింది. బయటి తిండి లోపలికి రానిస్తారు సుమండీ! ఇది తెలియక చాలామంది అక్కడ చేతిచమురు వదిలించుకుంటారు.

కాల్‌ట్రెయిన్ అని ఆ రైలు పేరు. 2024 సెప్టెంబరు నుంచి శాన్‌హోజే, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య పూర్తిగా కరెంటు బండ్లే నడుస్తున్నాయి. కుదుపు లేదు, పొగ లేదు. స్టేషనులో గేటూ లేదు, ఆపేవాడూ లేడు. ప్లాట్‌ఫారంమీది చిన్న యంత్రానికి క్లిప్పర్ కార్డు తాకించి ఎక్కాలి. దిగాక మళ్ళీ తాకించాలి. ఈ రెండవది మరిచిపోతే ప్రయాణం చేసినదానికంటె ఎక్కువ డబ్బు పోతుంది. ఇది అబ్బాయి మాకు పదిసార్లు చెప్పాడు.

పాలోఆల్టో దాటేసరికి బండినిండా నారింజరంగు చొక్కాలే. ఆఖరి స్టేషనులో దిగి దారెవరినీ అడగనక్కరలేకపోయింది. ఆ చొక్కాల వెనకాలే నడిచాము. మా ఆవిడ నడకతో కూడా పావుగంట పట్టలేదు. ముంగిట విల్లీ మేస్ విగ్రహం, చుట్టూ తాటిచెట్లలాంటి చెట్లు. "ఇరవైనాలుగుంటాయి తాతయ్యా, లెక్కపెట్టు. ఆయన చొక్కా నంబరు 24" అన్నాడు మనుమడు. 1958లో జట్టు న్యూయార్కు నుంచి తరలివచ్చినప్పుడు ఆయనా వచ్చాడు, 2024లో పోయాడు. తాను చూడని మనిషి గురించి వాడు చుట్టం గురించి చెప్పినట్టు చెప్పాడు.

అందరికీ ఈ రైలే అనుకోకండి. ఫ్రీమాంటులోని మనవాళ్ళు బార్ట్ రైల్లో ఎంబార్కడెరో దాకా వచ్చి, అక్కడ ట్రాము ఎక్కుతారు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు నీటి ఒడ్డునే సుమారు మైలు నడుస్తారు. లార్క్‌స్పర్ నుంచి ఆట రోజుల్లో పడవ వస్తుంది, దిగితే ఆటస్థలమే! సైకిళ్ళకు దగ్గరుండి చూసే చోటున్నది, అదీ ఉచితంగా. మన ఉప్పల్‌లో 2017లో స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషను వచ్చింది. ఆ సుఖం తెలిసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆట మొదటి బంతి నుంచి చూశాము. వేసవిలో శాలువా ఏమిటని మా ఆవిణ్ణి వేళాకోళం చేసినవాణ్ణి, ఏడో ఇన్నింగ్సుకు అదే శాలువాలో ఒక కొంగు అడిగి కప్పుకున్నాను. తొమ్మిదోదానికి రెండు జట్లూ సమానం. అంటే ఆట సాగుతుంది. ఎంతసేపన్నది ఎవరూ చెప్పలేరు.

అసలు చిక్కిక్కడ. ఆట ముగిశాక ప్రత్యేకరైలున్నది నిజమే. ఆఖరి ఔటయిన పావుగంటకు కదులుతుంది. ఈలోగా నిండిపోతే అప్పుడే కదులుతుంది. మేము పరుగెత్తగలమా? ముందే లేచిపోదామని నేనన్నాను. మనుమడు నావంక చూడలేదు, నాయనమ్మవంక చూశాడు.

"ఏమండీ, మొన్న వాడికి మొదలు పోయింది. ఇవాళ చివర కూడా పోగొడతామా?" అన్నది మా ఆవిడ. "నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

ఉన్నాము. పదో ఇన్నింగ్సులో మనవాళ్ళే గెలిచారు. ఆ హోరులో ఈసారి మనుమడి గొంతు కూడా ఉన్నది. నీటిమీది గల్లపక్షులు అప్పుడే మైదానంలోకి దిగుతున్నాయి. జనంలో వాడి చెయ్యి నేనొకటీ ఆవిడొకటీ పట్టుకుని, ఆగి, నడిచి, ఆగి, నడిచి, రైలు అందుకున్నాము. కూర్చునే చోటు లేదు. ఒక కుర్రాడు లేచి మా ఆవిడకు చోటిచ్చాడు. పిల్లవాడు ఆమె ఒళ్ళో తలపెట్టి మిల్‌బ్రే రాకముందే నిద్రపోయాడు.

సన్నీవేల్‌లో దిగేసరికి అబ్బాయి కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో వచ్చి! ఏమీ అనకుండా పిల్లవాణ్ణి భుజాన వేసుకున్నాడు. రైలు వెళ్ళిపోయింది. కారు తలుపు తీస్తూ మా ఆవిడ ఆగింది.

"ఏమండీ, కార్డులు తాకించారా?"

మూడు కార్డులూ పట్టుకుని వెనక్కు నడిచాను.