వెండి చెంచాల పద్దు

ఉస్మానియా క్యాంపస్‌లో పాఠాలు చెప్పే నాకు కరువు భత్యం బకాయిలు అప్పుడప్పుడూ ఒకేసారి చేతికొస్తాయి. ఆ డబ్బులో కొంత తీసి, వడ్డనకు వెండి సామాను ఒక్కొక్కటిగా కూర్చుకున్నాను. నేతికి ఒక చెంచా, పాయసానికి గరిటె, పెరుగుకు ఇంకొకటి. తార్నాక నుంచి సికింద్రాబాద్ పాట్ మార్కెట్ దగ్గరే కాబట్టి కొనేది అక్కడే.

దుకాణంలో ముందుగా అడిగేది తూకం, మజూరీ విడివిడిగా రాసిమ్మని. మజూరీ, దాని పైన పడే జీఎస్టీ అమ్మేనాడు తిరిగి రావు. చెంచా చిన్నదై, నగిషీ ఎక్కువైనకొద్దీ వెండి కంటే పనితనానికే ఎక్కువ కడతాం. అందుకే నావన్నీ సాదావి, కాడ మందంగా ఉన్నవి.

ముద్ర చూడనిదే తీసుకోను. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది సాధారణంగా రాగి. స్టెర్లింగ్ అనేది దీన్నే. మేలిమి వెండి మెత్తన, కాడ వంగిపోతుంది. రాగి కలిస్తేనే రోజువారీ వాడకానికి ఆగుతుంది. పాత సామాను మీద ఈపీఎన్ఎస్ అని ఉంటే అది నికెల్ మిశ్రమం మీద వెండి పూతే. జర్మన్ సిల్వర్‌లోనైతే వెండే ఉండదు. విదేశీ సెట్లలో చేపకు, పండుకు, వెన్నకు వేర్వేరు కత్తులుంటాయి. వాటి పిడులు చాలావరకు బోలుగా చేసి లోపల లక్కలాంటిది నింపుతారు. తూకానికి కొంటే ఆ లక్కకూ వెండి ధరే కట్టాలి. మన భోజనానికి కత్తులతో పని లేదు, నేను కొననూ లేదు.

ఆవకాయ జాడీలో, గుడ్డు కూరలో వెండి పెట్టనివ్వను. ఉప్పు వెండిని తినేస్తుంది, గుడ్డులోని గంధకం నల్లబరుస్తుంది. ఇంగ్లండ్‌లో ఉప్పు చెంచాలకు బంగారు పూత వేయించింది ఇందుకే.

వెండిని పొదుపు అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. 2011 ఏప్రిల్‌లో కిలో 70 వేలు దాటింది. 2015 చివరికి సగానికి పడింది. మళ్లీ ఆ ధర కనబడింది 2020లో. అంతకాలం పిల్లల ఫీజులు ఆగవు. వాటి డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో ఉంది, చెంచాలు ఇంటి సామాను పద్దులో ఉన్నాయి. 2025లో కిలో లక్షన్నర దాటాక కూడా ఆ పద్దు మార్చలేదు. కొనడం మాత్రం ఆపాను. ఉన్నవాటి బిల్లులు, తూకం చీటీలు ఒక కవరులో భద్రపరిచాను; మార్పిడికి వెళ్లాల్సి వస్తే నాణ్యత మీద వాదన లేకుండా తూకం దగ్గరే మాట తేలుతుంది.