వినే ఉద్యోగం

ఫోన్ ఎత్తగానే పేరు అడగకు. "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా అమ్మా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడుగు. ఉన్నారంటే ఊ, ఊహూ అంటే సరిపోయే ప్రశ్నలే వెయ్యి. లైను తెగితే తిరిగి నువ్వు చెయ్యకు. ఆ ఫోన్ భర్తదో అత్తగారిదో అయుండొచ్చు. కొత్తగా చేరినవాళ్లు ఉత్సాహం కొద్దీ చేసే పని, అలా తిరిగి ఫోన్ చెయ్యడమే. ఆ పూట దెబ్బలు తినేది మాత్రం ఆ తల్లి.

మహిళల కౌన్సెలింగ్‌లోనే నా తల నెరిసింది. పని నేర్పిన పెద్దక్క సారా వ్యతిరేక ఉద్యమం నాటి మనిషి. నెల్లూరు జిల్లా పల్లెల్లో రాత్రిబడులు నడిపింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయిందంటే, దూబగుంటలాంటి ఊళ్లలో ఆడవాళ్లు తమ ఇంటి లెక్క తామే వేసుకోబట్టి అనేది. "మేం పలక ఇచ్చాం. ఏం రాయాలో వాళ్లకే తెలుసు."

అందుకే ఆవిడ దగ్గర ఒకటే కట్టడి: సలహా ఇవ్వకూడదు. "విడిపో" అన్నా తప్పే, "సర్దుకుపో" అన్నా తప్పే. ఎదుటి మనిషి మాట ఆపినప్పుడు నేను నోరు తెరవబోతే బల్ల కింద నా కాలు తొక్కేది. వాళ్లు ఆగితే నువ్వూ ఆగు. గడియారం చూడకు. ఏడుస్తుంటే మంచినీళ్ల గ్లాసు ముందుకు జరుపు, అంతే. ఆ తర్వాత వచ్చే మాటే అసలు కేసు.

కుట్టుమిషను మీద బతికే ఒకామె "నాకేమీ తెలీదండీ" అంటూ వచ్చింది. "గొడవ అవుతుందని మీకు ముందే ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను. ఇక ఆగలేదు. బండి స్టాండు వేసే చప్పుడు, చెప్పులు విసిరే తీరు, అలాంటి రోజు పిల్లల్ని ఏ వంకతో పక్కింటికి పంపేదో, ఆధార్ కార్డు, నగల రసీదులు బియ్యం డబ్బాలో ఎందుకు దాచిందో. గృహహింస చట్టం నియమాల్లో ఫారం 5 అని ఉంది, భద్రతా ప్రణాళిక. దాని గళ్లు ఆమె మాటలతోనే నిండాయి. చదివి వినిపిస్తే "ఇదంతా నేనే చెప్పానా?" అంది. ఈ పని నాకు చేతనవుతుందని నమ్మకం కుదిరింది ఆ మధ్యాహ్నమే.

చెవి ఒక్కటే చాలదు, కాగితమూ రావాలి. డీఐఆర్, అంటే గృహహింస ఘటన నివేదిక, రాసేటప్పుడు "ఏ తేదీ?" అంటే బిత్తరపోతారు. సంక్రాంతికి ముందా, చిన్నవాడి అన్నప్రాసన అయ్యాకా అని అడుగు, తేదీ అదే దొరుకుతుంది. "ఇల్లు మా నాన్న పేరున ఉంది, పో" అని భర్త గెంటేస్తే గృహహింస చట్టం సెక్షన్ 17 చెప్పు: పట్టా ఎవరి పేరునున్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా ఈ లెక్కలోకి రావచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కేసు 60 రోజుల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం అంటుంది. వాయిదాల సంగతి మనకు తెలుసు, దాచకుండా ఆమెకీ చెప్పు. లాయరు ఖర్చుకు భయపడితే, ఉచిత న్యాయ సహాయానికి ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదని చెప్పు.

కొందరు తిరిగి ఆ ఇంటికే వెళ్తారు. నాకు ఒళ్లు మండేది. పెద్దక్క మాత్రం ఫైలు మూయనిచ్చేది కాదు. వెళ్తానంటే ఫారం 5 మళ్లీ నింపు, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు కంఠతా పట్టించు. రాజీ కాగితంలో "ఇకపై బాగా చూసుకుంటాను" అన్న వాక్యం ఎందుకూ కొరగాదు. ఆమె షరతులు ఆమె నోటితోనే రాయించు. కుట్టుమిషను ఆమె రెండే రాయించింది: కుట్టుకూలి నా ఖాతాలోనే పడాలి, ఏటీఎం కార్డు నా దగ్గరే ఉండాలి. ఆయన సంతకం పెట్టడానికి చాలాసేపు నసిగాడు. ఆమె పెన్ను పట్టుకుని కూర్చునే ఉంది.