నంబరు తెలియని బండి

పొద్దున్నే నంద్యాల దాటి పాణ్యం దారి పట్టారనుకోండి... వెనక నల్లమల, ముందు ఎర్రమల. ఆ రెండు కొండల వరసల మధ్య కుందేరు లోయంతా నల్లరేగడి. చలికాలమైతే రోడ్డు పక్క చేలల్లో శనగ మొక్కల మీద మంచు ఇంకా ఆరి ఉండదు. సైకిలు తొక్కడానికి ఇంతకన్నా మంచి దారి ఎక్కడుంటుంది అనిపిస్తుంది. వెనక హారన్ మోగేదాకా!

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కడప, చిత్తూరు మీదుగా తమిళనాడులోని రాణిపేట దాకా సాగే జాతీయ రహదారి ఇది. కాగితాల్లో ఇప్పుడు 40వ నంబరు. పాతవాళ్ల నోట మాత్రం ఇంకా పద్దెనిమిదే. యాగంటికి వెళ్లేవాళ్లు పాణ్యం స్టేషన్‌లో రైలు దిగి బనగానపల్లె బస్సు కోసం చూస్తుంటారు. లారీలు, బస్సులు, కార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతుంటాయి. వాటి పక్కనే, తెల్లగీతకు అవతల మూరెడు జాగాలో, పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్లు, గడ్డిమోపులు ఎత్తుకున్న సైకిళ్లు! ఊళ్ల వాళ్లకు చేనికి పోవాలన్నా, పాలు పోయాలన్నా ఇదే దారి.

2024 డిసెంబరులో ఒక ఉదయం ఆ మూరెడు జాగాలో నేనూ ఉన్నాను. పాణ్యం ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వెనక నుంచి గాలి విసిరినట్టయింది. సరకుల వ్యాను అద్దం హ్యాండిల్‌కు తగిలింది. అంతే... సైకిలు ఒకవైపు, నేను ఒకవైపు. తల ఎత్తేసరికి వ్యాను ఒక్క క్షణం నెమ్మదించింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఆ క్షణంలో డ్రైవరు అద్దంలో నన్ను చూసే ఉంటాడు. ఇప్పటికీ నన్ను బాధించేది చెయ్యి నొప్పి కాదు, ఆ ఒక్క క్షణమే.

ఏపీ 39... ఆ తర్వాత?

రోడ్డు పక్క టీబంకులో ఉగ్గాని కలుపుతున్న పెద్దావిడ చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. ‘‘లెయ్యొద్దు నాయనా, అట్లే ఉండు. యాడ తగిలింది?’’ అంటూ తల కింద తువ్వాలు పెట్టింది. పాలు పోసి వస్తున్న ఒకాయన 108కి ఫోన్ చేశాడు. అందరూ అడిగింది ఒకటే... ‘‘నెంబరు సూసినావా?’’

చూశాను. ‘ఏపీ 39’ వరకే! ఒకప్పుడైతే 21 అంటే కర్నూలు జిల్లా బండి అని తెలిసేది. 2019 నుంచి కొత్త బళ్లకు రాష్ట్రమంతా ఒకటే కోడ్. ఇచ్ఛాపురం బండో, ఈ ఊరిదో కూడా చెప్పలేం.

మణికట్టు దగ్గర ఎముక విరిగిందన్నారు నంద్యాల ఆసుపత్రిలో. కట్టుతో బయటపడ్డాను. కానీ ఆ పెద్దావిడ అంబులెన్స్ వచ్చేలోపు చెప్పిన మాట వదల్లేదు. ‘‘మా పక్కింటాయన్ని గూడా పోయినేడు ఇట్లనే కొట్టిపోయినారు. అక్కడికక్కడే పోయినాడు. పోలీసులొచ్చి రాసుకోనిపోయినారు. బండి ఎవురిదో తెల్దు. ఇంక ఎవురి మీద కొట్లాడాల నాయనా?’’

కొట్టినవాడు దొరక్కపోయినా...

చాలా ఇళ్లలో కథ అక్కడే ఆగిపోతుంది. నంబరు లేకపోతే డబ్బూ లేదనుకుంటారు. నిజానికి చట్టం అలా అనలేదు. గుర్తు తెలియని వాహనం ఢీకొని చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయలు ఇవ్వాలని 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం చెబుతోంది. అంతకుముందు ఆ మొత్తాలు 25 వేలు, 12,500 మాత్రమే. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు జతచేసి రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. ఆయన నెలలోగా విచారించి నివేదిక పంపితే, మంజూరు చేసేది కలెక్టర్.

2022లో దేశంలో ఇలా కొట్టి పారిపోయిన ప్రమాదాలు 67,387. పోయిన ప్రాణాలు 30,486. మరి 2022-23లో పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు ఎన్నో తెలుసా? 205! ఈ లెక్క చూసే 2024 జనవరిలో సుప్రీంకోర్టు, నెలలోగా బండి ఆచూకీ దొరకకపోతే ఈ పథకం సంగతి బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని పోలీసులను ఆదేశించింది.

సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయమూ అక్కర్లేదు. 2019 సవరణతో మోటారు వాహన చట్టంలో చేరిన 134ఏ సెక్షన్ అలాంటివాళ్లకు రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని కూడా వాళ్లను బలవంతపెట్టకూడదు.

కట్టు విప్పాక మళ్లీ పాణ్యం వెళ్లాను... ఈసారి బస్సులో. టీబంకు దగ్గర దిగి, దరఖాస్తు ఫారం ఆ పెద్దావిడ చేతిలో పెట్టి, సంగతంతా చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘‘నెంబరు రాయాల్సిన పని లేదా?’’ అంది నమ్మలేనట్టు. లేదన్నాను. జాగ్రత్తగా మడిచి గల్లాపెట్టెలో పెట్టుకుంది. ‘‘సాయంత్రం ఆయమ్మకిచ్చి, కొడుకుతో సదివిపిస్తా’’ అంటూ ఉగ్గాని పొట్లం, రెండు మిరపకాయ బజ్జీలు చేతికిచ్చింది. డబ్బు తీసుకోలేదు.

రోడ్డు మీద తెల్లగీత పక్కన పాలక్యాన్ల సైకిలొకటి నెమ్మదిగా పోతోంది. వెనక ఏదో బండి హారన్ మోగింది. ఇద్దరం ఒకేసారి అటు తిరిగి చూశాం.