ఓడకు ముందు బస

ప్రయాణమనగానే మన మనస్సు గమ్యం వైపు పరుగెత్తుతుంది. దారి, మజిలీ, బస మొదలైనవి ఆ తరువాతనే జ్ఞప్తికి వస్తాయి. అల్లసాని పెద్దన తీర్చిదిద్దిన ప్రవరుని కథ ఇందుకు చక్కని తార్కాణం. యాత్రికుల నోట తీర్థవిశేషాలు విని ఉవ్విళ్ళూరిన ఆ గృహస్థు, సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని క్షణకాలంలో హిమగిరిని చేరుకున్నాడు. తీరా ఇల్లు చేరవలసిన వేళకు మంచునీటిలో పసరు కరిగిపోయి, దిక్కుతోచక నిలిచిపోయాడు. మూడు దశాబ్దాలుగా ఈ కథను తరగతి గదిలో బోధిస్తూ ప్రవరుని తొందరపాటుకు నవ్వుకునేవాణ్ణి. నా వంతు వచ్చినప్పుడు గాని ఆ నవ్వులోని అహంకారం నాకు తెలిసిరాలేదు.

2023 డిసెంబరులో మా అబ్బాయి ముంబయి నుండి గోవాకు సాగే విహారనౌకలో మా దంపతులకు, మా అమ్మకు టికెట్లు కొన్నాడు. అమ్మకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన ఆమె అంతవరకు సముద్రాన్ని ఒడ్డు నుండి కూడా చూసి ఎరుగదు. అయినా ఓడల ముచ్చట్లు ఆమెకు కొత్త కాదు. ఆమె అన్న, అనగా మా మేనమామ, పద్దెనిమిదో ఏట పొట్ట చేతపట్టుకొని ముంబయి చేరి బట్టల మిల్లులో కుదిరాడు. కామాటీలని పిలువబడిన తెలుగు శ్రామికులు ఆ మహానగరంలో రాళ్ళు మోసి భవనాలు నిలబెడితే, మన పద్మశాలీలు ఎందరో అక్కడి మిల్లులలో బట్ట నేశారు. మామ ఆదివారాలు అపోలో బందరుకు పోయి, వచ్చే పోయే ఓడలను చూసి, ఆ సంగతులన్నీ చెల్లెలికి ఉత్తరాలలో వ్రాసేవాడు. మచిలీపట్నాన్ని మనం బందరు అంటామే, ఆ మాటే అక్కడా రేవుకు పేరైనది. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ సమ్మె తరువాత అనేక మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. మామ కుటుంబంతో భివండికి తరలిపోయి, సాంచెల మీద పనిచేసి సంసారం ఈదాడు.

ఓడ ఎక్కే ముందు రాత్రి ముంబయిలో ఎక్కడ బస చేయాలన్న ప్రశ్న రాగానే మా ఇంట్లో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. విమానంలో వెళ్ళి, విమానాశ్రయం చేరువలో అంధేరిలో హోటలు తీసుకోవాలన్నది అబ్బాయి పక్షం. గదులు విశాలం, అమ్మకు సుఖం అన్నాడు. రేవుకు నడిచిపోయేంత దగ్గరగా ఫోర్టు ప్రాంతంలో చిన్న లాడ్జి చాలునన్నది మా శ్రీమతి పక్షం. అమ్మ మాత్రం, "ముంబయిల మా అన్న ఇల్లుండంగ లాడ్జి ఎందుకు బిడ్డా?" అన్నది.

తీర్పరిని నేను. పండితుణ్ణి కదా, కాగితం తీసుకొని లెక్క వేశాను. ఓడ సాయంత్రం రేవు విడిచినా, సామాను తనిఖీలు, గుర్తింపు పత్రాల పరిశీలన ముగించి లోపలికి పంపే ద్వారం అంతకు ఎంతో ముందే మూతపడుతుంది. ఆ గడియ దాటితే డబ్బూ పోతుంది, ఓడా పోతుంది. అంధేరి నుండి రేవు దాదాపు పాతిక కిలోమీటర్లు. బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలను రానివ్వరు కనుక టాక్సీయే శరణ్యం. భివండి నుండి యాభై కిలోమీటర్లు. ఆ దారి పొడవునా గోదాములకు పోయే లారీల బారులు. మహానగరంలో దూరాన్ని మైళ్ళతో కాక గంటలతో కొలవాలి. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకీ మధ్య దూరంతో పాటు దారి ఎటువంటిదో, దిగిన ఊరిలో వసతులేమున్నవో కూడా వ్రాసిపెట్టినది ఇందుకే కాబోలు. నా లెక్క లాడ్జి వైపే మొగ్గింది. మామకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. "మంచిదే అల్లుడా, ఓడ ఎవరికోసం ఆగుతది?" అన్నాడాయన. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

ఆ రాత్రి అమ్మ విస్తరి ముందు కూర్చుండి రెండు ముద్దలు కూడా తినలేదు. కారణమడిగాను. "ఓడ ఆగదంటున్నవు. ఎనభై మూడేండ్ల మా అన్న ఆగుతడా?" అన్నది.

నేను నిరుత్తరుణ్ణయ్యాను. రేవు ద్వారం మూతపడే గడియను లెక్కించిన నేను, మరొక ద్వారం కూడా మూతపడబోతున్నదని తలచలేదు. బస ఎక్కడ అన్న ప్రశ్నకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: మనకోసం వేచి ఉండనిది ఏది? మా ప్రయాణంలో అటువంటివి రెండున్నాయి. ఒక్క రాత్రిని రెండు చోట్ల పంచలేము గాని, ఒక రోజు ముందు బయలుదేరగలము. విమానం మానుకొని రైలెక్కి కల్యాణ్‌లో దిగాము. తొలి రాత్రి భివండిలో, మలి రాత్రి రేవు చెంత.

భివండిలో మామ ఇల్లు రెండు గదులది. పక్కనే సాంచెల మోత. అన్నాచెల్లెళ్ళు పదకొండేళ్ళ తరువాత కలుసుకున్నారు. అర్ధరాత్రి దాటినా వారి మాటలు తెగలేదు. తాను జీవితమంతా ఒడ్డున నిలబడి చూసిన ఓడ లోపల ఎట్లా ఉంటుందో చూసి వచ్చి చెప్పమని మామ అమ్మను చిన్నపిల్లవానివలె అడిగాడు. హోటలు గది ఎంత విశాలమైనదైనా ఆ మాటకు అక్కడ చోటుండేది కాదు.

మరునాడు పది గంటలకు భివండిలో కారెక్కితే రేవు ప్రాంతం చేరేసరికి ఒంటిగంట దాటింది. మూడు గంటల పైచిలుకు! అదే ఓడ ఎక్కే రోజైతే మా గుండెలు ఎట్లా కొట్టుకునేవో ఊహించవచ్చు. లాడ్జిని ముందే మూడు మాటలడిగి ఎంచుకున్నాము. లిఫ్టు ఉన్నదా? గది ఖాళీ చేశాక సామాను ఉంచనిస్తారా? రేవు ద్వారానికి నడక ఎంత? ఫోర్టులోని పాత భవనాలలో చాలావాటికి లిఫ్టు ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి చవకగా దొరికే మూడో అంతస్తు గది చివరకు చవక కాదు.

సాయంకాలం బల్లార్డ్ ఎస్టేట్ వీధులలో నడిచాము. 1914, 1918 సంవత్సరాల మధ్య సముద్రాన్ని పూడ్చి, జార్జి విట్టెట్ రూపకల్పనలో నిర్మించిన ప్రాంతమిది. అక్కడ నడుస్తుండగా ఈ నగరంలోనే ఓడ కోసం ఎదురుచూసిన పద్దెనిమిదేళ్ళ యువకుడు నాకు గుర్తుకువచ్చాడు. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి ఇంగ్లండుకు బయలుదేరిన గాంధీజీ ఇక్కడ కొన్ని వారాలు ఆగవలసివచ్చింది. ఆ నిరీక్షణలోనే కులపెద్దలు ఆయనను వెలివేశారు. సాయపడినవారికి, రేవుకు వచ్చి సాగనంపినవారికి రూపాయి నాలుగణాల జరిమానా అన్నారు. ప్రయాణపు సొమ్ము దాచిన బావగారే దానిని ఇవ్వడానికి వెనుదీశారు. అప్పుచేసి సెప్టెంబరు 4న ఆయన ఓడ ఎక్కారు. బస అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. ముందుకు సాగనంపే మనుషులు ఉన్నచోటే బస.

ఆ మాట నిజమని మరునాటి ఉదయమే రుజువైనది. అమ్మ కళ్ళజోడు భివండిలో మరచిపోయిందని రాత్రి పడుకునే ముందు తెలిసినది. జోడు లేనిదే ఆమెకు పదడుగుల దూరం కూడా మసకే. సముద్రం చూడబోయే మనిషికి చూపే లేకపోతే! తెల్లవారుజామునే మామ మనుమడు ఠాణాకు వచ్చి, లోకల్ రైలెక్కి, తొమ్మిది గంటలకు మా గది తలుపు తట్టాడు. ఒక చేతిలో కళ్ళజోడు, మరొక చేతిలో సకినాల డబ్బా. రేవు పక్కనే ఉన్నాము కనుక ఆ జోడు మాకు అందినది. మామ ఇంట ఆగి వచ్చాము కనుక దానిని తెచ్చే చేయి ఉన్నది.

సాయంత్రం ఓడ కదిలింది. అమ్మ కటకటాలు పట్టుకొని, నగరపు దీపాలు సన్నగిల్లేదాకా ఒడ్డునే చూస్తూ నిలబడింది. తిరిగి వచ్చిన రోజు రేవులోనే ఫోను చేతికి తీసుకొని ఓడలోని మెట్లు, గదులు, అలలు ఒక్కొక్కటే గంటసేపు అన్నకు వర్ణించింది. 2024 వేసవిలో మామ కన్నుమూశాడు.

ఇప్పుడు ముంబయిలో లెక్కలు కొంత మారాయి. 2025లో నౌకాయాత్రికుల కోసం కొత్త టెర్మినల్ ప్రారంభమైనది. అదే సంవత్సరం అక్టోబరులో భూగర్భ మెట్రో పూర్తిగా తెరుచుకొని, విమానాశ్రయాన్ని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ ప్రాంతంతో కలిపింది. అబ్బాయి పక్షానికి ఇప్పుడు మునుపటికంటె బలం వచ్చింది. దారులు మారినప్పుడల్లా బసలూ మారవచ్చు. అయితే బస ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న మాత్రం మారదు. దానిని నాకు నేర్పినది నేను చదివిన గ్రంథాలు కావు, ఆ రాత్రి అన్నం ముట్టని మా అమ్మ.