ఎడమ కాలువకు ఎగువన

కోదాడ దగ్గర మా చిలుకూరులో పొలమున్న మనిషిని నిద్రలేపి అడిగినా ఇవాళ నాగార్జునసాగర్ మట్టం ఎంతో చెబుతాడు. 590 అడుగులంటే రెండు పంటలకూ ధీమా. 510కి దగ్గరపడుతోందంటే యాసంగికి నారు పోయాలా వద్దా అని అరుగుల మీద చర్చ. ఇంతగా లెక్కలు తెలిసినవాళ్లలో సాగర్‌ని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా చిన్నప్పుడు బడి పిల్లలతో వెళ్లి, గేట్లు లెక్కపెట్టి, పులిహోర తిని వచ్చినవాళ్లే. నాకు గేట్ల మీద మోజు లేదు. గేట్ల వెనక ఉన్న నీళ్ల ఒడ్డున, కొండల పక్కన, కాళ్లతో నడవాలని కోరిక. కోతలు అయిపోయాక ఒక పొద్దున సంచీ భుజాన వేసుకుని హుజూర్‌నగర్ బస్సెక్కాను.

నేరేడుచర్ల దాటాక రోడ్డు పొడవునా వడ్లే. తారు మీద ఒక పక్క ఆరబోసినవి, ట్రాక్టర్లలో ఎత్తినవి, మిర్యాలగూడ మిల్లుల ముందు వరసకట్టి నిలబడ్డవి. అక్కడ బస్సు మారాను. సీటు దొరకలేదు. ఆడవాళ్లకు టికెట్ తీసేసినప్పటి నుంచి మగవాళ్లు నిలబడి ప్రయాణం చేయడం నేర్చుకున్నారు, అందులో నాకేమీ ఫిర్యాదు లేదు. నిడమనూరు, హాలియా మీదుగా పోతుంటే సాగర్ ఎడమ కాలువ కాసేపు కనబడి కాసేపు మాయమవుతూ ఉంటుంది. మా ఊరి దగ్గర పిల్ల కాలువలుగా చూసిన నీళ్లు ఇక్కడ ఏరంత వెడల్పున, అడుగు కనబడని పచ్చదనంతో వస్తున్నాయి. ఈ ఒక్క కాలువ కింద పది లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. నది పారేది తూర్పుకే, మేము బతికేది మాత్రం ఈ తవ్విన ఏటి మీద.

హిల్ కాలనీలో దిగి కొత్త వంతెన మీదికి నడిచాను. డ్యామ్ పైకి వెళ్లనివ్వరు. 2023 నవంబరు ఆఖరున రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డాక కాపలా కేంద్ర బలగాల చేతికి వెళ్లింది. ఉన్న 26 గేట్లలో 13 మీవి, 13 మావి అన్న గొడవ నీళ్లకు తెలుసో లేదో గాని, వంతెన మీద పల్లీలు అమ్మే ముసలాయనకు బాగా తెలుసు. పల్లీల కంటే ముందు ఆ కథే చెప్పాడు.

కింద నుంచి చూస్తే గోడ భయపెడుతుంది. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు. అంతా కాంక్రీటు అనుకుంటాం, కాదు, రాతి కట్టడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు మన దగ్గర పెద్ద యంత్రాలు కొనే డబ్బు లేదు, పని కావలసిన మనుషులు మాత్రం కావలసినంత మంది. పాలమూరు నుంచి, పల్నాడు నుంచి వేలాది మంది వచ్చి రాయి మోసి, పరంజాల మీద ఎక్కి కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు తండ్రి పేరు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు. మా ఊళ్లో ఆ పేరు వాడినవాణ్ని నేను చూడలేదు. అది ఎడమ కాలువే.

వంతెన దాటితే ఆంధ్ర, విజయపురి సౌత్. అక్కడ బస చేసిన గది గురించి చెప్పుకోవడానికి దోమలు తప్ప ఏమీ లేవు. మర్నాడు లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాను. లాంచీలో పాటల పెట్టె మోత భరించడం కష్టం. అంత నీళ్ల మీద, అంత ఎండలో, ఆ కొండల మధ్య మనిషికి డప్పుల పాట ఎందుకు కావాలో నాకు అర్థం కాదు.

ఆ మోతలోనే ఒక సంగతి మెదిలింది. మనం తేలుతున్నది ఒక ఊరి మీద. మూడు పక్కలా నల్లమల కొమ్మలు, నాలుగో పక్క కృష్ణ, మధ్యలో లోయ. క్రీస్తు శకం మూడో నాలుగో శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే. శాంతమూలుడు అశ్వమేధం చేసి వైదిక ధర్మం పట్టుకుంటే, ఆయన చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధానికి మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో రెండు దారులు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చే భిక్షువులకు చైత్యగృహం కట్టించి, ఆ వివరాలన్నీ రాతి మీద చెక్కించింది. ఆ తర్వాత ఆ రాజధానిని అడవి కమ్మేసింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ చెట్ల మధ్య పాత రాతి స్తంభం చూసి మద్రాసుకు కబురు పెట్టకపోతే, అక్కడి శాసన విభాగంలో తెలుగు సహాయకుడు సరస్వతి గారు వచ్చి చూడకపోతే, ఏమయ్యేదో ఊహించండి. మరో ముప్పై ఏళ్లకే డ్యామ్ ఖాయమైంది. 1954 నుంచి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం గారి బృందం నీళ్లతో పోటీపడి తవ్వింది. తవ్వగలిగినంత తవ్వి, మోయగలిగినవాటిని కొండ మీదికి మోసి, మిగతాది నీళ్లకు వదిలేశారు. లోయలోని పుల్లారెడ్డిగూడెం జనం కూడా లేచిపోయారు. వెంకటరామయ్య పంతులుగారి పేరు లాంచీకి గాని, వీధికి గాని, బడికి గాని పెట్టినట్టు నాకు కనిపించలేదు.

కొండ మీద మ్యూజియం చూసి, పాత కోట గోడ వెంట నడిచి, చివరి లాంచీలో వచ్చేశాను. అక్కడ గడిపే వేళ మన చేతిలో ఉండదు, లాంచీవాడి చేతిలో ఉంటుంది. అందుకే కాళ్లకు అసలు పని అనుపు దారిలోనే దొరికింది.

విజయపురి సౌత్ నుంచి అనుపు ఎనిమిది కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎడమ పక్క గుట్టలు, కుడి పక్క నీళ్లు. సాగర్ చుట్టూ నడవాలనుకోవడం పిచ్చి, 285 చదరపు కిలోమీటర్ల నీళ్లకు ఒడ్డు ఒక పట్టాన తెగదు, పైగా ఎగువంతా పులుల అడవి. ఈ ముక్క మాత్రం ఎవరైనా నడవచ్చు. పొద్దున ఏడింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే చేరతాం. దారికి అటూ ఇటూ తంగేడు, బలుసు. మలుపు తిరిగినప్పుడల్లా నీళ్లు ఒక కొత్త గుట్ట సందులోంచి తొంగిచూస్తాయి. గుట్టల అంచుల్లో పొరలు పొరలుగా నాపరాయి. ఇది మా హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు భూమిలో ఉన్న సున్నపురాయికి చుట్టమే. ఇక్ష్వాకుల శిల్పులు దాని మీద బుద్ధుడి కథలు చెక్కారు, మనం సిమెంటు చేసుకున్నాం.

అనుపులో ఇక్ష్వాకుల నాటి రంగస్థలం ఉంది. లోయలోంచి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. మధ్యలో పదహారు మీటర్ల పొడవు, పద్నాలుగుకు కాస్త తక్కువ వెడల్పుతో గచ్చు నేల, నాలుగు వైపులా రాతి మెట్లు. అక్కడ నాటకం ఆడారో, మల్లయుద్ధాలు చేశారో పండితులు తేల్చుకోలేదు. నేను వెళ్లేసరికి ఒక మేకల కాపరి కుర్రాడు తప్ప ప్రేక్షకులెవరూ లేరు. నన్ను పై మెట్టు మీద కూర్చోమని సైగచేసి, తాను నేల మధ్యకు వెళ్లి, గొంతు పెంచకుండా మేకల పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ చెవి పక్కన పలికినట్టు వినిపించింది. అవతలి మెట్ల మీద చిగుళ్లు మేస్తున్న ఒక నల్ల మేక తల ఎత్తి చూసింది. పదిహేడు వందల ఏళ్ల కింద అక్కడ నిలబడ్డ నటుడికి ఇంతకంటే శ్రద్ధగల ప్రేక్షకులు దొరికారని నేను అనుకోను. మెట్టు మీద అరచెయ్యి పెట్టాను. కూర్చుని కూర్చుని అంచు నున్నబడిన రాయి, అప్పటికే వేడెక్కింది. అక్కడ ఎంతసేపు కూర్చున్నానో గమనించలేదు. కుర్రాడు మాత్రం విసుగొచ్చి వెళ్లిపోయాడు.

ఆకలేసి నీళ్ల వైపు దిగాను. ఒడ్డున పట్టాలు కప్పిన గుడిసెలు, ఆరేసిన నైలాన్ వలలు, ఐసు పెట్టెలు. ఒకావిడ జెల్లలు బూడిదతో రుద్దుతోంది.

"అమ్మా, ఇక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా?"

"ఇక్కడ హోటలేటి బాబూ? కూకో. పులుసు పెడతన్నాను."

మాట వినగానే విశాఖ వైపు మనిషని తెలిసింది. అత్తమామల కాలంలోనే సముద్రం వదిలి ఇటు వచ్చేశారట. "అక్కడ వేట నేదు. ఇక్కడ నీళ్లు తీపి, బతుకు ఉప్పన" అని నవ్వింది. రాళ్ల పొయ్యి మీద వెడల్పాటి సత్తు గిన్నె. నూనెలో ఉల్లి, పచ్చిమిర్చి మగ్గాక చింతపండు పులుసు పోసి, అది తెర్లుతున్నప్పుడు ముక్కలు వేసింది. గరిటె ముట్టలేదు. రెండు చేతులా గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని అటొకసారి ఇటొకసారి తిప్పింది, అంతే. గరిటె పెడితే జెల్ల చెదిరిపోతుందట. దించే ముందు మెంతిపొడి చిటికెడు. అన్నం మీద పోసి పళ్లెం నా ముందు పెట్టింది.

"ఏ ఊరు బాబూ మీది?"

కోదాడ దగ్గర చిలుకూరని చెప్పాను. ఎడమ కాలువ కింద అని కలిపాను.

"అలాగైతే ఈ బియ్యం మీవైపువే. మిర్యాలగూడ బస్తా."

మా నీళ్లలోని చేప, మా వైపు బియ్యం, ఎక్కడో విశాఖ చేతి వంట. ఇంత రుచైన పులుసు నేను తినలేదు. డబ్బులివ్వబోతే చాలాసేపు వద్దంది. తీసుకున్నాక కూడా రెండు ఎండు చేపలు పొట్లం కట్టింది. తిరుగు బస్సులో ఆ పొట్లం వల్ల నా పక్క సీటు మిర్యాలగూడ దాకా ఖాళీగానే ఉంది.

ఎత్తిపోతల జలపాతం ఇంకో పూట చూశాను. నీళ్లు తక్కువ, జనం ఎక్కువ.

మన ఊళ్ల బళ్లు ఏటా పిల్లల్ని సాగర్ తీసుకెళుతున్నాయి. డ్యామ్, లాంచీ, ఎత్తిపోతల చూపించి చీకటి పడేలోగా తిప్పుకొస్తున్నాయి. పంతుళ్లకు నాదొక మనవి. ఎత్తిపోతల మానేసి ఆ పూట అనుపుకు ఇవ్వండి. పిల్లల్ని రంగస్థలం మెట్ల మీద కూర్చోబెట్టి, వెంకటరామయ్య పంతులు గారి సంగతి ఆ నేల మధ్య నిలబడి చెప్పండి. గొంతు పెంచనక్కర్లేదు. అక్కడ కొట్లు లేవు, మంచినీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి.